చట్టసభల్లో మర్యాద ఎందుకు కరువైంది? ఒక సోషల్ టీచర్ అనుభవం

"మన ఎమ్మెల్యేలు, ఎంపీలు పగవాళ్లలా ఎందుకు తయారయ్యారు, మళ్లీ మర్యాదగా చర్చించుకునే రోజులు వస్తాయా" అని అడిగారు. పదహారేళ్లుగా ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. మా క్లాసులో జరిగినదాంతోనే మొదలుపెడతాను.

కిందటేడు తొమ్మిదో తరగతి పిల్లలతో మాక్ అసెంబ్లీ పెట్టించాను. బెంచీలు ఎదురెదురుగా వేశాం. ప్రతిపక్షంలో కూర్చున్న అమ్మాయి లేచి, "అధ్యక్షా, బడి కుళాయిలో నాలుగు రోజులుగా నీళ్లు రావడం లేదు. ఎప్పుడు వస్తాయి?" అని అడిగింది. నిజంగానే రావడం లేదు. మంత్రిగా ఉన్న కుర్రాడు కుళాయి ఊసే ఎత్తలేదు. "మీ హయాంలో మీరేం ఉద్ధరించారు? అడగడానికి సిగ్గుండాలి!" అన్నాడు వేలు చూపిస్తూ. వాడి వెనకున్నవాళ్లు బల్లలు చరిచారు. అమ్మాయి జట్టంతా వచ్చి స్పీకర్ కుర్చీని చుట్టుముట్టింది. స్పీకర్‌గా కూర్చున్న పిల్ల "మైక్ కట్ చేయండి" అంది. మా గదిలో మైకే లేదు. ఇందులో ఒక్క ముక్కా నేను నేర్పింది కాదు, అంతా ఫోన్లలో చూసిందే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సభలో ఎవరు మాట్లాడినా "అధ్యక్షా" అని స్పీకర్‌తోనే చెప్పాలన్న నియమం ఊరికే పెట్టలేదు. పల్లెల్లో తగువు తీర్చేటప్పుడు మధ్యలో పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టే అది. మాట ఆయన మీదుగా వెళ్లేసరికి వేడి కాస్త తగ్గుతుంది. ఇప్పుడు ఆ పిలుపు నోటి వరకే. చూపు ఎదుటివాళ్ల మీద, మనసు సాయంత్రం ఫోన్లలో తిరగబోయే వీడియో మీద. "గారు" పోయి "నువ్వు" వచ్చింది, తర్వాత ఇంట్లో ఆడవాళ్ల దాకా పోయింది.

ఆంధ్రప్రదేశ్‌నే చూడండి. తమ పార్టీ నుంచి గెలిచి అధికార పక్షంలోకి వెళ్లినవాళ్ల మీద వేటు వేయలేదని 2017 నవంబర్ నుంచి వైసీపీ సభకు రావడం మానేసింది. తన భార్యను కించపరిచారంటూ 2021 నవంబర్ 19న చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని బయటికి నడిచారు, 2024 జూన్‌లో అలాగే వచ్చారు. అప్పటికి 175 మందిలో 11 మందే మిగిలిన వైసీపీ ప్రతిపక్ష హోదా కోసం పట్టుబట్టి మళ్లీ సభకు దూరమైంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా నష్టపోయింది ప్రశ్నోత్తరాల సమయమే. మన ఊరి రోడ్డు గురించి మంత్రి చేత లిఖితపూర్వకంగా జవాబు చెప్పించగలిగే చోటు అది.

ఇంకో కారణం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను, అంటే ఇలాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. అవతలివాళ్లు ఎంత చక్కగా చెప్పినా ఓటు మారదని తెలిశాక, వాళ్లను ఒప్పించాలని ఎవరు కష్టపడతారు? ఇంత చేసి ఫిరాయింపులు ఆగాయా అంటే అదీ లేదు. తెలంగాణలో 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విలీనం పేరుతో ఒకేసారి టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. విప్ ఒక్క బడ్జెట్‌కి, విశ్వాస పరీక్షకి ఉంటే చాలని నా అభిప్రాయం.

పాత రోజులన్నీ బంగారమనను. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో విభజన బిల్లు పెడుతుంటే పెప్పర్ స్ప్రే కొట్టింది మన తెలుగు ఎంపీయే. అయినా 1994లో కశ్మీర్ మీద జెనీవాలో భారత్ వాదన వినిపించడానికి ప్రధాని పీవీ నరసింహారావు పంపింది ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని. ఆ సంగతి చెబితే మా పిల్లలు నమ్మలేదు, "నిజమా సార్?" అని రెండుసార్లు అడిగారు.

వారం తర్వాత మళ్లీ సభ పెట్టించాను. ఒక్క నియమం చేర్చాను: జవాబు చెప్పేవాళ్లు ముందు ఎదుటివాళ్ల ప్రశ్నను తమ మాటల్లో చెప్పాలి, అడిగినవాళ్లు "అవును, అదే" అనాలి. కుళాయి ఇంకా అలాగే ఉంది. ఆ కుర్రాడే మంత్రి. "అధ్యక్షా, నీళ్లు ఎందుకు రావడం లేదని సభ్యురాలు అడిగారు" అన్నాడు. "ఎందుకని కాదు, ఎప్పుడు వస్తాయని అడిగాను" అంది. వాడు కాసేపు ఆగి, "ఎప్పుడు వస్తాయని అడిగారు" అన్నాడు. "అవును, అదే." జవాబు వాడి దగ్గర లేదు. "కనుక్కుని చెబుతాను, అధ్యక్షా" అని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ హెడ్మాస్టరుగారి గదికి వెళ్లి అడిగొచ్చి, ఆ అమ్మాయి దగ్గర ఆగి చెప్పాడు: మోటారు కాలిపోయిందట, శుక్రవారానికి బాగుచేయిస్తారట.