కొండ మీది నగరంలో మిత్రుల ఇల్లు: కారులో వెళ్లేవారి ప్రశ్నలు

ప్రశ్న: కారులో చాలా ఊళ్లు తిరుగుతూ, దారిలో 2,000 మీటర్ల ఎత్తున ఉన్న నగరంలో స్నేహితుల ఇంట్లో రెండు రోజులు ఆగుదామనుకుంటున్నాం. ముందుగా వాళ్లను ఏమేం అడిగి పెట్టుకోవాలి?

జవాబు: మొదట అడగాల్సింది లొకేషన్ సంగతే. కొండ నగరాల్లో వీధులు మెట్లమెట్లుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మ్యాప్‌లో మాత్రం పై రోడ్డూ కింది రోడ్డూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇల్లు 30 మీటర్ల దూరంలోనే ఉందంటుంది. తీరా చూస్తే అది మీ తలపైన ఉంటుంది, చుట్టు తిరిగి వెళ్లాలంటే రెండు మూడు కిలోమీటర్లు. కాబట్టి ఇంట్లో కూర్చుని కాకుండా, కారు ఆపే చోట రోడ్డు మీద నిలబడి లొకేషన్ పంపమనండి. వీధిలోకి పైనుంచి తిరగాలా, కింది నుంచా అన్నది కూడా అడగండి. కొన్ని మలుపులు ఒక వైపు నుంచి వస్తే ఒక్క పట్టున తిరగవు.

తర్వాత గేటు దగ్గరి వాలు. రోడ్డు వాలూ గేటు వాలూ కలిసే చోట కారు అడుగు రాసుకుంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే మరీను. అందరూ దిగి, ఖాళీ బండిని ఏటవాలుగా ఎక్కిస్తే చాలావరకు తప్పుతుంది. రాత్రి పార్కింగ్ ఎక్కడో కూడా ముందే తేల్చుకోండి.

ఫలానా గంటకు వచ్చేస్తామని మాటివ్వకండి. ఘాట్ రోడ్డు మీద గంటకు 25-30 కిలోమీటర్ల సగటు వేసుకోవడం మంచిది. ఘాట్ మొదలయ్యే చోట ఆగి ఫోన్ చేయండి, పైన సిగ్నల్ ఉండకపోవచ్చు. వెలుతురు ఉండగా చేరేలా చూసుకోండి.

ప్రశ్న: కొండ ఎక్కేటప్పుడు మా పెట్రోల్ కారు లాగడం లేదు. ఇంజన్ పాడైందా?

జవాబు: కాదు. పైకి పోయే కొద్దీ గాలి పల్చబడుతుంది. టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే భాగం) లేని ఇంజన్‌కు ప్రతి 1,000 మీటర్లకూ శక్తి దాదాపు 10 శాతం తగ్గుతుంది. ఒక గేరు దించి ఎక్కండి. టెంపరేచర్ ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పండి. ఉక్కపోసినా ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. అయినా దిగకపోతే బండి పక్కకు ఆపాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

ప్రశ్న: మిత్రుల ఇంటి ముందు వాలులో రాత్రంతా ఆటోమేటిక్ కారు పెట్టాం. పొద్దున 'పి' (పార్క్) నుంచి గేరు తీస్తే ధడేల్‌మని చప్పుడు. ఎందుకు?

జవాబు: కారు బరువంతా గేర్‌బాక్స్‌లోని ఒక చిన్న ఇనుప కొక్కెం మీద పడింది కాబట్టి. 'పి'లో చక్రాలను పట్టి ఉంచేది అదే. కారు ఆపే వరస మార్చండి: పెడల్ నొక్కి ఉంచి 'ఎన్' (న్యూట్రల్)లో వేయండి, హ్యాండ్ బ్రేక్ లాగండి, పెడల్ మెల్లగా వదిలి బరువు హ్యాండ్ బ్రేక్ మీదికి కుదురుకోనివ్వండి, మళ్లీ పెడల్ నొక్కి 'పి'లో పెట్టండి. గేర్లు మార్చే కారైతే ముఖం ఎత్తు వైపు ఉన్నప్పుడు ఫస్ట్, పల్లం వైపు ఉన్నప్పుడు రివర్స్ వేసి ఉంచాలి.

చక్రాలు తిప్పి పెట్టడం మరిచిపోకండి. ముఖం పల్లం వైపు ఉంటే చక్రాలు ఫుట్‌పాత్ గట్టు వైపు తిప్పాలి. ఎత్తు వైపు ఉంటే రోడ్డు వైపు తిప్పాలి, అప్పుడు బండి వెనక్కి జారినా ముందు చక్రం గట్టుకు ఆనుకుని ఆగుతుంది. గట్టు లేకపోతే రోడ్డు అంచు వైపే. ఆ అంచు అవతల లోయ ఉంటే అక్కడ అసలు ఆపకండి.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ కారు. దిగేముందు స్నేహితుల ఇంట్లో ఫుల్ ఛార్జ్ చేసుకోవాలా?

జవాబు: వద్దు, 85 శాతం దగ్గర ఆపండి. 1,800 కిలోల బండిని 1,000 మీటర్లు పైకి చేర్చడానికే సుమారు 5 యూనిట్ల కరెంటు కావాలి. దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఆపుతూ, కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. 2,000 మీటర్లు దిగేటప్పుడు అలాంటి 10 యూనిట్లు మీ చేతిలో ఉంటాయి. సగమే వెనక్కి వచ్చినా 40 యూనిట్ల బ్యాటరీలో ఎనిమిదో వంతు. బ్యాటరీ నిండి ఉంటే అది లోపలికి పోదు, మోటార్ బండిని పట్టి ఆపలేదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. ఇంట్లో ఛార్జ్ చేసేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు. గంటల తరబడి అంత కరెంటు లాగితే వేడెక్కి కరిగిపోతుంది.

ప్రశ్న: తిరుగు ప్రయాణంలో దిగుతుంటే బ్రేకుల దగ్గర కాలిన వాసన వచ్చింది. ఏం తప్పు చేశాం?

జవాబు: బహుశా పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి చాలాసేపు ఉంచారు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. అలా నొక్కితే బ్రేకులకు చల్లారే వ్యవధి ఉండదు. వాలు మొదలవకముందే గేరు తగ్గించండి. యాక్సిలరేటర్ వదిలేసినా వేగం నిలకడగా ఉండాలి. పెరుగుతూ పోతుంటే ఇంకో గేరు దించండి. వేగం 40కి చేరితే గట్టిగా నొక్కి 30కి తెచ్చి, కాలు పూర్తిగా తీసేయండి. న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుందన్నది అపోహ. ఇప్పటి కార్లు గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలి దిగుతుంటే ఇంధనం సరఫరానే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికి ఇంకా తాగుతాయి.

బ్రేకులు చెడిపోయే తీరు రెండు రకాలు, పాదానికే తెలుస్తుంది. పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగడం లేదంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయి. పెడల్ మెత్తగా అడుగుకు పోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు చేరాయి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలంటారు. ఇలాంటి ప్రయాణం ముందుంటే ఆ గడువు దాటనివ్వకండి.

వాసన వస్తే వెడల్పు చోటు చూసి అరగంట ఆగండి. నీళ్లు పోయకండి, డిస్క్ పగలొచ్చు. గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టండి. వేడి మీద బిగించిన హ్యాండ్ బ్రేక్ చల్లారాక వదులు కావచ్చు. నడుస్తుండగానే పెడల్ అడుగుకు పోతే గబగబా పంపు కొడుతూ ఒక్కో గేరూ దించండి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగండి. అప్పటికీ ఆగకపోతే స్టీరింగ్ కొండ గోడ వైపే తిప్పి, బండిని దానికి రాయించి ఆపండి.