దవావో పేషెంట్ అన్న "కలిబంగా"కు అర్థం ఏమిటంటే

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మీ పేషెంట్ అన్న "కలిబంగా"ను అనువాద యాప్‌లో చూస్తే అర్థం పొసగలేదని అడిగారు. యాప్ తప్పు చెప్పలేదు, భాష మారింది. ఆ మాటలోని "లిబాంగ్" అంటే కాలక్షేపం అని మీకు చూపించింది కదా, అది టగలాగ్ (మనీలా వైపు భాష) అర్థం. దవావోలో ఎక్కువగా వినపడేది సెబువానో అనే మరో భాష. అందులో అదే మాటకు మలవిసర్జన అని అర్థం. మీ పేషెంట్ "కలిబంగా" అంటూ పొట్ట పట్టుకుంది విరేచనాలవుతున్నాయని.

1. యాప్‌లో ఫిలిపినో (టగలాగ్ ఆధారంగా ఉన్న జాతీయ భాష) తీసేసి సెబువానో పెట్టండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జనం తమ భాషను "బిసాయా" అంటారు కాబట్టి లిస్టులో ఆ పేరు కోసం వెతుకుతారు. "సెబువానో" అని వెతకాలి. ఆటో డిటెక్ట్‌ని నమ్మొద్దు, ఒక్క మాటే ఇస్తే పొరబడుతుంది.

2. రెండింటిలోనూ ఉన్న మాటలు విడిగా రాసుకోండి. "లంగ్గామ్" టగలాగ్‌లో చీమ, సెబువానోలో పక్షి. "లిబోగ్" సెబువానోలో అయోమయం, టగలాగ్‌లో కామం. మనీలా వాళ్ల ముందు అనేశారో, పరువు పోతుంది! (తమిళంలో "పసి" అంటే ఆకలి, మనకేమో పసిబిడ్డ. అలాంటిదే.)

3. ఇలోయిలో (ఫిలిప్పీన్స్‌లోనే మరో నగరం) వైపు వెళ్తే మళ్లీ జాగ్రత్త. "కరోన్" సెబువానోలో ఇప్పుడు, అక్కడి హిలిగైనోన్‌లో తర్వాత. మందు ఎప్పుడు వేసుకోవాలో గడియారం చూపించి చెప్పండి.