నాలుగు పళ్లు తీసేయాలంటున్నారు... ఇంకో డాక్టర్‌ను అడగవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. పైనా కిందా ముందు పళ్లు ఒకదానిమీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. డెంటిస్ట్‌కు చూపిస్తే నాలుగు పళ్లు తీసి క్లిప్పులు పెట్టాలని, రెండేళ్లు పడుతుందని చెప్పారు. మంచి పళ్లు తీయించుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఇంకొకరిని అడిగితే ఈ డాక్టర్ ఏమనుకుంటారోనని మొహమాటం. పళ్లు తీయకుండా అలైనర్లతో (పెట్టుకుని తీసే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు) సరిచేయలేరా?
- ఓ పాఠకురాలు

సలహా: తప్పకుండా అడగండి. తీసిన పన్ను మళ్లీ రాదు కాబట్టి ఆ పని జరగకముందే అడగాలి. పళ్లు వంకరగా ఉండటం ఎమర్జెన్సీ కాదు. కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు. పళ్లు తీయడానికి ఇప్పటికే డేట్ ఇచ్చి ఉంటే వాయిదా వేయించుకోండి.

అలాగని మొదటి డాక్టర్ చెప్పింది తప్పని అనుకోకండి. అసలు సమస్య చోటు. ఒక్కో దవడలో మూడు, నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువైతే పళ్ల పక్క అంచుల్లో పంటి పైపొర అయిన ఎనామిల్‌ను కొద్దిగా అరగదీసి సర్దవచ్చు. రెండు పళ్ల మధ్య అలా దొరికేది మహా అయితే అర మిల్లీమీటరు. ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు కావాలంటే ఇది సరిపోదు. అప్పుడే పైనా కిందా రెండు వైపులా కోరపన్ను వెనకున్న పన్ను తీయాలంటారు. ఒక్కోటి తీస్తే దాదాపు ఏడు మిల్లీమీటర్ల చోటు వస్తుంది. దవడను వెడల్పు చేయవచ్చు కదా అంటారేమో. పిల్లల్లో అది తేలిక. పెద్దవాళ్లలో అంగిలి మధ్య అతుకు గట్టిపడిపోతుంది కాబట్టి బలవంతంగా నెడితే పళ్లు బయటికి వాలి, చిగుళ్లు పళ్లమీంచి వెనక్కి జారే ప్రమాదం ఉంది. అందుకే “పళ్లు తీయం” అనే మాట వినగానే సంబరపడకండి. “మరి చోటు ఎక్కడినుంచి వస్తుంది?” అని అడగండి. అలైనర్లా, క్లిప్పులా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. అలైనర్లైతే రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోగలరా అన్నదీ ఆలోచించుకోవాలి. పళ్లు తీసిన ఖాళీలు మూయడానికి సాధారణంగా క్లిప్పులకే పట్టు ఎక్కువ.

రెండో అభిప్రాయానికి ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే స్పెషలిస్ట్) దగ్గరికే వెళ్లండి. పళ్లన్నీ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, ముఖం పక్కనుంచి తీసిన ఎక్స్‌రే, పళ్ల అచ్చులు లేదా స్కాన్, ఫొటోలు మొదటి డాక్టర్‌ను అడిగి తీసుకోండి. ఇది రోజూ జరిగేదే, మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు. అయితే కొత్త డాక్టర్‌కు మొదటి ఆయన ఏమన్నారో వెంటనే చెప్పొద్దు. ముందు ఆయన్ను చూడనివ్వండి, ఆయన ప్లాన్ విన్నాక చెప్పండి. ఇద్దరి మాటా ఒకటైతే మీ భయం చాలావరకు తగ్గుతుంది. వేరైతే పెదవుల ఆకారం, చిగుళ్లు ఏమవుతాయో ఇద్దరినీ విడివిడిగా అడగండి.

మీ వయసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది చిగుళ్ల సంగతి. పళ్లు ఇరుకుగా ఉన్నచోట బ్రష్ అందక గార పేరుకుంటుంది. బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తోందా? చిగుళ్ల జబ్బు ఉండగా పళ్లు కదిలిస్తే చుట్టూ ఉన్న ఎముక ఇంకా కరిగిపోతుంది. కాబట్టి ముందు క్లీనింగ్, చిగుళ్ల చికిత్స పూర్తికావాలి. చిగుళ్లను పరీక్షించకుండానే ప్లాన్ చెప్పారంటే అది సగం ప్లానే. షుగర్ ఉన్నా, ఎముకల బలానికి మందులు వాడుతున్నా తప్పక చెప్పండి.

కొద్ది వారాల్లో వరస చేస్తామంటూ మంచి పళ్లను చెక్కి క్యాప్‌లు తొడుగుతామంటే మాత్రం ఒప్పుకోకండి. దాంతో పళ్లు అసలు జరగవు, చెక్కేసిన ఎనామిల్ తిరిగిరాదు.

ఏ పద్ధతిలో సరిచేసినా పళ్లు పాత చోటుకు జరగాలని చూస్తూనే ఉంటాయి. అందుకే చికిత్స అయ్యాక పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్‌ను ఏళ్ల తరబడి రాత్రిళ్లు వాడాల్సి ఉంటుంది. దాని గురించి కూడా ఇద్దరినీ ఇప్పుడే అడిగి తెలుసుకోండి.