నెట్ సెంటర్ కంప్యూటర్‌లో లాగిన్ పేర్లు మిగలకుండా

నమస్కారం అన్నగారూ. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి మీ నెట్ సెంటర్‌లో ఫేస్‌బుక్ మెసెంజర్ తెరిస్తే, అంతకు ముందు కూర్చున్నవారి ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు కనిపిస్తున్నాయని రాశారు. వాటిని గుర్తుపెట్టుకుంటున్నది చాలావరకు మెసెంజర్ కాదు, క్రోమ్ బ్రౌజరే. లాగిన్ గడిలో క్లిక్ చేసి, కింద తెరుచుకున్న జాబితాలో తీసేయవలసిన పేరు మీదికి బాణం మీటతో వెళ్లి, షిఫ్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కితే ఆ ఒక్క పేరు పోతుంది. అప్పటికీ పోకపోతే అది పాస్‌వర్డ్‌తో సహా సేవ్ అయి ఉంటుంది కనుక, సెట్టింగ్స్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో దానిని తొలగించి, పాస్‌వర్డ్‌లు సేవ్ చేయాలా అని అడిగే సదుపాయాన్ని అక్కడే ఆపివేయండి.

లాగిన్ పేజీలో ఫొటోతో సహా కనిపించే ఖాతాలు మాత్రం ఫేస్‌బుక్ చూపించేవి. ఫొటో మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే అవి తొలగుతాయి.

అయితే రోజూ ఇలా ఒక్కొక్కటే తుడవడం కంటే, వచ్చినవారందరికీ క్రోమ్‌లో గెస్ట్ విండో (అతిథుల కోసం ఉన్న తాత్కాలిక విండో) తెరిచి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే గెస్ట్ విండోలన్నీ మూసిన వెంటనే పేర్లు, కుకీలు (లాగిన్ వంటి వివరాలను వెబ్‌సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) అన్నీ చెరిగిపోతాయి. వాట్సాప్ వెబ్ వాడినవారిని మాత్రం, లేచే ముందు తమ ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌కు వెళ్లి లాగౌట్ చేయమని తప్పక చెప్పండి.