పెళ్లి డిస్కు వీసీడీనా, డీవీడీనా?

దేవరకొండలో పాత బీరువాలో అక్క పెళ్లి డిస్కు దొరికింది, మీద ఏమీ రాసిలేదు, ప్లే చేయకముందే ఏ ఫార్మాటో ఎలా తెలుస్తుందని అడిగారు.

కంప్యూటర్‌లో పెట్టి ఫోల్డర్లు తెరవండి. ‘ఎంపెగ్‌ఏవీ’ (MPEGAV) ఫోల్డర్‌లో ‘.DAT’ ఫైళ్లుంటే వీసీడీ, అంటే సీడీ మీద ఎక్కించిన వీడియో. ‘వీడియో టీఎస్’ (VIDEO_TS) ఫోల్డర్‌లో ‘వీఓబీ’ (.VOB) ఫైళ్లుంటే డీవీడీ. సైజు రెండు మూడు జీబీలు చూపిస్తే అది సీడీ కానే కాదు, కాబట్టి వీసీడీ కూడా కాదు.

మా నల్లగొండ ఇంట్లో చెల్లి పెళ్లిది వీసీడీయే. పెద్ద టీవీలో ముఖాలు మసకబారితే డిస్కు పాడైందని టెన్షన్ పడ్డాం. నిజానికి వీసీడీ బొమ్మే చిన్నది, 352×288 పిక్సెళ్లు (చుక్కలు), డీవీడీది 720×576; అందుకే పెద్ద టీవీలో మసకగా కనిపించింది. దుమ్ముంటే మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. తెరుచుకోగానే ముందు మొత్తం కాపీ చేసుకోండి, ప్లే చేయడం తర్వాత.