నొప్పి లేకుండా మూత్రంలో రక్తం: ఇక ఆలస్యం చేయకండి

మీ నాన్నగారికి అరవై దాటాయని, రెండు నెలలుగా నొప్పి లేకుండా మూత్రంలో రక్తం వస్తోందని, మూత్రంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ రాకపోయినా యాంటీబయాటిక్స్ మారుస్తున్నారని రాశారు. ఇంక ఆ కోర్సులు చాలండి, ఈ వారమే యూరాలజిస్టుకి చూపించండి. రాళ్లు, ప్రోస్టేట్ వాపు, కిడ్నీ జబ్బు, ఏదైనా కావచ్చు. కానీ ఆయన చాలా ఏళ్లు సిగరెట్లు కాల్చారన్నారు కదా, మూత్రాశయ క్యాన్సర్ లేదని ముందు తేల్చుకోవాలి. అది చాలాసార్లు నొప్పి లేకుండానే మొదలవుతుంది. మధ్యలో రక్తం ఆగిపోయి, తగ్గిపోయిందనిపిస్తుంది కూడా. స్కానింగ్‌లో చిన్న కణితి కనబడకపోవచ్చు, అందుకే సిస్టోస్కోపీ గురించి అడగండి. సన్నని కెమెరా గొట్టంతో లోపల నేరుగా చూస్తారు. ఆయన ఆస్పిరిన్ వేసుకుంటుంటే, రక్తం దానివల్లే వస్తోందని ఎవరైనా చెప్పినా పరీక్ష మానకండి, ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం రాకపోతే మాత్రం అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.