ముందు మీ అమ్మకు చెప్పు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ తమ్ముడు ఫోన్ చేసి మాటల్లో మాటగా నువ్వు చేయించుకోవాలనుకుంటున్న బరువు తగ్గే ఆపరేషన్ సంగతి బయటపెట్టాడు. వాడినేమీ అనకు. "అక్క ఎవరికీ చెప్పొద్దంది, నీక్కూడా" అని చివర్లో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. ఆ తర్వాత మీ పెదనాన్న రెండుసార్లు అన్నానికి పిలిచినా నేను లేవలేదు. భయమేసింది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉంది. మన ఇంట్లో ఆడవాళ్ళెవరూ తమ ఒంటి గురించి తామే ఆలోచించుకుని, జీతంలోంచి డబ్బు దాచుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళిన పాపాన పోలేదు. నేనైనా షుగరు 300 దాటి, కళ్ళ డాక్టరు బెదిరిస్తేగాని కదల్లేదు. ఫోన్లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. నేను చేయించుకుని పుష్కరం దాటింది. 112 కిలోలదాన్ని 74కి దిగి, మళ్ళీ కొంచెం పెరిగి ఇప్పుడు 81 దగ్గరున్నాను. ఇన్సులిన్ పోయింది, ఈ మధ్య ఒక షుగరు బిళ్ళ మాత్రం మళ్ళీ మొదలైంది. మోకాళ్ళు నా మాట వింటున్నాయి. తిరుమల కొండ నడిచి ఎక్కాను. "చేయించుకుంటే ఇక బరువు బెంగే ఉండదు" అన్నవాళ్ళని నమ్మకు. "చివరికి అందరూ మళ్ళీ లావైపోతారు" అన్నవాళ్ళనీ నమ్మకు.

నీ లెక్క చూద్దాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 102 కిలోలు అన్నాడు మీవాడు. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క, 39.8. ఈ ఆపరేషన్‌కి 1991లో అమెరికా వాళ్ళు పెట్టిన హద్దు 40, జబ్బులుంటే 35. అదే ముప్ఫై ఏళ్ళు నడిచింది. 2022లో డాక్టర్ల సంఘాలు దాన్ని సడలించి, జబ్బులున్నా లేకపోయినా 35 దాటితే చాలన్నాయి. మన ఆసియా ఒళ్ళకి తక్కువ బరువులోనే షుగరు పట్టుకుంటుంది కాబట్టి మనకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. అంచేత "ఈ మాత్రానికే ఆపరేషనా" అని ఎవరైనా అంటే పట్టించుకోకు. అయితే ఇన్సూరెన్సు వాళ్ళు ఇంకా పాత లెక్కలోనే ఉన్నారు. 40 ఉండాలి, లేదా 35 దాటి గుండెజబ్బో, మందులకు లొంగని షుగరో, తీవ్రమైన స్లీప్ అప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉండాలి. నెలసరి గతి తప్పించే నీ పీసీఓడీ ఆ జాబితాలో లేదు. అంటే అర కిలో తక్కువైందని నీ క్లెయిమ్ ఆగిపోవచ్చు! "రెండు బిర్యానీలు లాగించి తూకానికి వెళ్ళు" అని స్నేహితులు సలహా ఇస్తారు. ఆ వేషాలు వెయ్యకు. నిద్ర పరీక్ష చేయించుకో. నీ గురక గురించి మీ అమ్మ ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. అప్నియా ఉందో లేదో మత్తు డాక్టరుకి ఎలాగూ తెలియాలి.

"నోరు కట్టుకుంటే చాలదా" అనేవాళ్ళుంటారు, మీ నాన్నతో సహా. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గరున్నది ఒక్కటే. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఆపరేషన్ చేయించుకున్న రెండు వేలమందినీ, అదే బరువుండి మామూలు వైద్యంతో ఉన్న మరో రెండు వేలమందినీ ఏళ్ళ తరబడి గమనించారు. మామూలు వైద్యం వాళ్ళ బరువు దాదాపు ఉన్నచోటే ఉంది. చేయించుకున్నవాళ్ళలో చావులు తగ్గాయని 2007లో ప్రచురించారు. నోరు కట్టుకోలేనివాళ్ళు రెండు వేలమంది ఒకేచోట దొరికారా? ఆకలి మనసులో పుట్టేది కాదు, అది ఒంటి పని. నీ చిన్నప్పుడు అమ్మమ్మ "ఇంకో ముద్ద" అంటూ నెయ్యి పోసి, పెద్దయ్యాక అదే నోటితో "కాస్త తగ్గించవే" అన్నప్పుడు నీ మొహం నేను చూశాను. నీకు సిగ్గు లేక కాదు ఈ బరువు, ఆ మాట మనసులోంచి తీసెయ్.

బరువు తగ్గడానికి వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్ల గురించి డాక్టరుని అడిగావా? వాటిలో ఒకటైన మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది. నా రోజుల్లో అలాంటివి లేవు. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, వాడినన్నాళ్ళూ ఖర్చే. అయినా పొట్ట కోయించుకునే ముందు ఆ దారి గురించి కూడా డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. ఆపరేషన్ ఎక్కడికీ పోదు.

స్లీవ్ చేస్తామన్నారట. అందరికీ ఎక్కువగా చేసేది అదే. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైనే కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. తీసింది మళ్ళీ రాదు. నా గొడవంతా నీ పుల్లత్రేన్పులతో. ఇంటర్ నుంచీ రాత్రిపూట రెండు దిండ్లు వేసుకుని పడుకుంటావు. స్లీవ్ తర్వాత కొందరికి ఆ మంట ఇంకా ఎక్కువవుతుంది. జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి కింది పేగుకి కలిపే బైపాస్‌లో అయితే అది తగ్గుతుంది, కాకపోతే ఐరన్, కాల్షియం, బీ12 ఒంటికి సరిగ్గా పట్టవు, తీపి తింటే గుండెదడ, చెమటలు. నాకు షుగరూ మంటా రెండూ ఉన్నాయని బైపాసే చేశారు. కాబట్టి ఎండోస్కోపీ (గొంతులోంచి కెమెరా గొట్టం దించి పొట్ట లోపల చూడడం) చేయకుండా "స్లీవే మీకు కరెక్టు" అన్న డాక్టరు నాకు నచ్చడు. పైగా నెలాఖరులోపు అయితే ప్యాకేజీలో తగ్గింపు ఇస్తామన్నారటగా? ఆషాఢం సేల్‌లో పట్టుచీర కొన్నట్టు కొనేదా ఇది? ఇంకో డాక్టరు దగ్గర రెండో మాట తీసుకో. ఆ ఆసుపత్రిలో ఐసీయూ ఉందా, డైటీషియన్ ఉందా, ఏడాది తర్వాత కూడా వాళ్ళే చూస్తారా అన్నవి నువ్వే కనుక్కోగలవు.

ఇప్పుడు అసలు విషయం. బందరు అత్తయ్య చేతికర్ర సంగతి మీ పిల్లలెవరికీ తెలియదు. నరాల బలహీనత అని చెప్పుకుంటూ వచ్చాం. ఆవిణ్ణి అడిగే రాస్తున్నాను. "రాయి వదినా, నాలాగా దాచుకోవద్దని చెప్పు" అంది.

నా ఆపరేషన్ అయిన మరుసటి ఏడు ఆవిడా స్లీవ్ చేయించుకుంది. నాకు చెప్పలేదు. అత్తవారింట్లో ఎవరికీ చెప్పలేదు. మీ మావయ్యకి ఒక్కడికే తెలుసు. ఇంట్లో గాల్‌బ్లాడర్‌లో రాళ్ళన్నారు. ఎవరు అనుమానిస్తారు? పొట్ట మీద ఆ చిన్న చిన్న గాట్లు దానికీ దీనికీ ఒకలాగే ఉంటాయి. కానీ గాల్‌బ్లాడర్ తీయించుకున్న మనిషి నెల తిరిగేసరికి అందరిలాగే తినాలి కదా! ఆరో వారంలో వాళ్ళ బావగారింట్లో గృహప్రవేశం. బంతిలో కూర్చోబెట్టి పులిహోర, బూరె, పప్పు, ముద్దపప్పు మీద నెయ్యి. "ఇంకా నీరసంగానే ఉన్నావు, తిను" అంటూ తోడికోడళ్ళు తలా ఓ చెయ్యి వేశారు. నిజం చెప్పలేక తింది. దొడ్లోకి వెళ్ళి కక్కుకుంది. అక్కణ్ణుంచి రోజూ అదే తంతు. అందరి ముందూ తినడం, వెళ్ళి కక్కుకోవడం. బరువు జారిపోతుంటే సంతోషించింది కూడా. విటమిన్ మాత్రల డబ్బా బీరువాలో చీరల కింద ఉండేది. రాళ్ళ ఆపరేషన్‌కి ఇన్ని మాత్రలెందుకని అత్తగారు అడిగిందని, అవీ మానేసింది.

తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు. ఆ తర్వాత ఒక మనిషి ఇద్దరుగా కనిపించడం, తూలడం. దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసుకెళ్తే అక్కడా గాల్‌బ్లాడర్ అనే చెప్పారు. నీరసమనుకుని వాళ్ళు గ్లూకోజు సెలైన్ ఎక్కించారు. తెలియనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. బుజ్జీ, నేను బళ్ళో ఎన్నేళ్ళు పిల్లలకు బీ1 విటమిన్ లేక వచ్చే బెరిబెరి జబ్బు పాఠం చెప్పానో నీకు తెలుసు. జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు కోళ్ళు తెల్లటి పాలిష్ బియ్యం తిని కాళ్ళు పడిపోవడం చూశాడని, తవుడు పెడితే లేచాయని బోర్డు మీద కోడి బొమ్మ వేసి మరీ చెప్పేదాన్ని. ఆ బీ1 విటమిన్ మన ఒంట్లో రెండు మూడు వారాలకి మించి నిలవ ఉండదు. వాంతులు ఆగకపోతే అయిపోతుంది. అది లేని ఒంట్లోకి గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి దెబ్బ మెదడుకి తగులుతుంది. మర్నాటికి అత్తయ్య తన కొడుకుని గుర్తుపట్టలేదు. అప్పుడు మీ మావయ్య ఏడుస్తూ నాకు ఫోన్ చేశాడు. గుంటూరు తీసుకెళ్ళాక, నిజం చెప్పాక, బీ1 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కళ్ళు కొద్దిరోజుల్లో సర్దుకున్నాయి. మనుషుల్ని గుర్తుపట్టింది. కాళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు.

చేసిన డాక్టరు తప్పేమీ లేదు, ఆపరేషన్ చక్కగా చేశాడు. దాచడం వల్ల వచ్చింది అదంతా.

"పెళ్ళిచూపుల లోపు తగ్గిపోవాలి, వాళ్ళకి తెలియకూడదు" అన్నావటగా. చదివినదానివి, నీకేం చెప్పను! గాట్లు చీర కింద దాగుతాయి, విస్తరి దాగుతుందా? మన పెళ్ళిళ్ళలో కొత్తకోడలు ఎన్ని గరిటెలు వడ్డించుకుందో వీధి చివరి వాళ్ళకి కూడా తెలుస్తుంది. అరచేతిలో పట్టేంత అన్నం, అరగంట ముందూ తర్వాతా నీళ్ళు తాగకపోవడం, రోజూ మాత్రలు. ఒక ఏడాదికి కాదు, బతికున్నంతకాలం. ఇంకోటి. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా కడుపు రాకూడదు. బరువు తగ్గేకొద్దీ పీసీఓడీ వాళ్ళకి నెలసరి దార్లో పడి, అనుకోకుండా నెల తప్పడం మామూలే. పెళ్ళయిన మూడో నెలనుంచీ "విశేషమేమైనా ఉందా" అని అత్తగారు మొదలుపెడుతుంది. అప్పుడు పక్కన నిలబడి "ఇప్పుడే వద్దమ్మా" అనాల్సింది ఆ అబ్బాయి. వాడికే తెలియకపోతే ఎలా? విన్నాక వద్దనుకుని వెళ్ళిపోయే సంబంధమైతే పోనీ. నాకు ఒక్క రోజు కూడా బాధ ఉండదు.

నిర్ణయించుకునే ముందు ఒక పని చెయ్యి. వచ్చే నెల మీ పిన్ని కూతురి పెళ్ళి ఉంది. అందరి మధ్యా చిన్న గిన్నెడు పెట్టించుకుని, నెమ్మదిగా నమిలి, "ఇక చాలు" అని లే. ఎవరెంత బలవంతపెట్టినా కారణాలు చెప్పకు. అది చేయగలిగితే మత్తూ కత్తీ పెద్ద విషయాలు కావు. చేయలేకపోతే ఇంకో ఆర్నెల్లు ఆగు, తప్పేం లేదు.

చేయించుకుంటే మాత్రం ఇవి గుర్తుపెట్టుకో. ముందు రెండు వారాలు వాళ్ళిచ్చిన డైట్ తు.చ. తప్పకుండా పాటించు, లివర్ చిన్నబడితేనే డాక్టరు చేతికి చోటు దొరుకుతుంది. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేచి నడువు, రక్తం గడ్డకట్టకుండా. ఇంటికొచ్చాక గుండె 120 కొట్టుకుంటున్నా, జ్వరం వచ్చినా, ఎడమ భుజం నొప్పిపుట్టినా గ్యాస్ అని పడుకోకు, అది కుట్ల దగ్గర లీకు కావచ్చు. వెంటనే ఆసుపత్రి. రోజుకి 60 గ్రాములు తగ్గకుండా ప్రోటీన్. గుడ్డుకి ఆరు గ్రాములే వస్తుంది, కాబట్టి మొదట్లో పౌడర్ తప్పదు, తర్వాత చేప, పెరుగు, పెసరట్టు. తలనొప్పి వచ్చిందని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మింగకు, పుండ్లు పడతాయి. మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. నేను అద్దం ముందు కూర్చుని ఏడ్చాను, మీ పెదనాన్న టోపీ కొనుక్కొచ్చారు. మళ్ళీ మొలిచింది. రెండు రోజులకి మించి వాంతులైతే, ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నోరు తెరిచి చెప్పే మొదటి మాట "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ముందు బీ1 ఇవ్వండి" అని ఉండాలి. పర్సులో కాగితం మీద రాసి పెట్టుకో.

ఆదివారంలోపు మీ అమ్మకు చెప్పు. అరుస్తుంది, ఏడుస్తుంది, నన్ను తిడుతుంది. సాయంత్రానికి తనే డాక్టరు పేరు అడుగుతుంది. నేను చెప్పను, నువ్వే చెప్పాలి. ఆసుపత్రిలో నీ పక్కన పడుకోవడానికి నేనొస్తాను. మీ అమ్మకి నిద్ర ఆగదు, నాకు ఎలాగూ పట్టదు.

ఎండోస్కోపీ రిపోర్టు రాగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మొత్తం కాగితం కనిపించాలి. పోయినసారి థైరాయిడ్ రిపోర్టులో నాకు కనిపించింది నీ బొటనవేలు, లేబొరేటరీ అడ్రసు.

ఇట్లు,
మీ పెద్దమ్మ